పనికి సగం ట్యాంకు

బావగారికి మీ బావమరిది నమస్కారాలు.

ఇక్కడ మేమందరం క్షేమం. అందరం అంటే నేనూ, మీ చెల్లెమ్మా. మీరిచ్చిన బండి మాత్రం క్షేమంగా లేదు. ఆ సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం. ఫోను చేద్దామనుకున్నాను గానీ, కిందటిసారి మీకు వినపడక మీరూ, మీకు వినపడాలని నేనూ అరుచుకుంటుంటే పక్కింటివాళ్లు వచ్చి "ఆస్తి గొడవలా?" అని అడిగారు. కాబట్టి కాగితమే మేలు.

బండి తెచ్చుకున్న మొదటి వారం చాలా బాగుంది. ఎందుకంటే షెడ్డులోంచి బయటికి తియ్యలేదు. మొన్న ఆదివారం మీ చెల్లెమ్మని ఎక్కించుకుని పరదాల గుడ్డ కొందామని బయల్దేరాను. సగం దారి దాకా వెన్నపూస మీద కత్తిలా పోయింది. ఆ తర్వాత వెనకాడటం మొదలుపెట్టింది. యాక్సిలరేటర్ తొక్కితే వెంటనే అందుకోదు, ఒక్క క్షణం ఆలోచించుకుని కదులుతుంది. ఆ తర్వాత ఎక్కిళ్లు. రెండు కుదుపులు, ఒక దగ్గు, ఆపైన నిశ్శబ్దం. గడియారాల రిపేరు కొట్టు ఎదురుగా, రోడ్డు మధ్యలో. వెనక ఉన్నవాళ్లు హారన్లతో మా వంశాన్నంతా తలుచుకున్నారు. మీ చెల్లెమ్మ మాత్రం ఒక్క మాట అనలేదు. నాకు అదే ఎక్కువ భయం.

కాసేపాగి తాళం తిప్పితే ఏమీ జరగనట్టు స్టార్టయింది! మర్నాడు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే అక్కడ ఎంత తిప్పినా ఆగలేదు. డాక్టరు గుమ్మం తొక్కగానే తగ్గిపోయే పన్నునొప్పి ఉంటుందే, ఆ బాపతు.

నిజం చెప్పాలంటే నాకు సిగ్గుగా ఉంది బావా. అక్క పెళ్లయిన కొత్తలో నేను వెనక సీట్లో కూర్చుని కాళ్లు అందక ఊపుకుంటూ ఉండేవాణ్ని. ఎండకి కాలిన రెక్సిన్ వాసన ఇప్పటికీ ఆ సీట్లోంచి పోలేదు. రైలు గేటు దగ్గరికి రాగానే మీరు బండి పక్కకి తీసి "దిగండి, గూడ్సు వస్తుంది" అనేవారు. గూడ్సు పెట్టెలు నా చేత లెక్కపెట్టించేవారు. అక్క చీర కొంగు నెత్తిన వేసుకుని రాయి మీద కూర్చునేది. ఎంత దర్జాగా ఆపేవారు మీరు! నాకు మాత్రం గడియారాల కొట్టు ముందు ఆగింది, అందులోని గడియారాలన్నీ నన్ను చూసి టిక్కుటిక్కుమన్నాయి.

ఏం చెయ్యమంటారో రాయండి.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. ట్యాంకు నిండా పెట్రోలు పోయించాను. అది అయిపోయిందేమో చూడమని మాత్రం రాయకండి.



చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. నా దగ్గర చదువుకున్న రోజుల్లో నీ లెక్కలు ఎలా ఉండేవో ఇదీ అలాగే ఉంది. చుట్టూ చాలా రాశావు, జవాబు దగ్గరికి రాలేదు.

ముందు ఒక మాట స్పష్టంగా రాసుకో. ఆ బండి నా చేతిలో ఒక్కసారి కూడా ఆగలేదు. నేను ఆపాను, అది ఆగలేదు. ఈ రెండింటికీ తేడా తెలియనివాడు స్టీరింగు ముట్టుకోకూడదు.

చోక్ లాగి మర్చిపోయి ఉంటావు. పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు లాగాలి, వేడెక్కాక లోపలికి తొయ్యాలి. బయటే వదిలేస్తే పెట్రోలు ఎక్కువై ఉక్కిరిబిక్కిరై ఆగుతుంది. అది కాకపోతే క్లచ్. నీకు దేనిమీదైనా కాలు వేసి కూర్చునే అలవాటు చిన్నప్పట్నుంచీ ఉంది. మా కుర్చీలకి ఆ మచ్చలు ఇంకా ఉన్నాయి.

బండి ఇచ్చేటప్పుడు చెప్పిన సూత్రం మళ్లీ చెప్తున్నాను. పనిమీద వెళ్తే సగం ట్యాంకు చాలు. సరదాకి వెళ్తే నిండా పోయించు. ఎందుకని అడగొద్దు. కొన్ని సూత్రాలు ముందు కంఠతా పట్టాలి, అర్థం తర్వాత అదే తెలుస్తుంది.

పరదాల గుడ్డ కొనడం పనో సరదానో నువ్వే తేల్చుకో.

ఇట్లు,
మీ బావ

తా.క. ఒరేయ్ తమ్ముడూ, ఇది అక్కని. కవరు అంటించి పోస్టులో వెయ్యమని మీ బావ నా చేతికిచ్చారు. అంటించేలోపు రెండు ముక్కలు. బండి ఆగినప్పుడు మరదలు లోపలే కూర్చుందా, కిందికి దిగిందా? ఆగినంతసేపూ మీరిద్దరూ ఏం చేశారు? ఏమైనా మాట్లాడుకున్నారా? ఇంజన్ సంగతి మీ బావకి రాసుకో. నాకు ఇది రాయి.



బావగారికి నమస్కారాలు.

మేం క్షేమం, బండి యథాప్రకారం.

చోక్ లోపలే ఉంది. క్లచ్ మీద కాలు లేదు, ఒట్టు. మా మెకానిక్ మంచివాడే. స్క్రూడ్రైవరు ఒక కొన ఇంజన్ మీద ఆనించి రెండో కొన చెవికి పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు. మనం ఊపిరి బిగబట్టాలి. తర్వాత ఏదో ఒకటి ఊడదీసి పైకెత్తి "దొంగ దొరికాడు సార్!" అంటాడు.

మొదటి దొంగ స్పార్క్ ప్లగ్గులు, మసిబారి ఉన్నాయని మార్చాడు. రెండు రోజులకి మళ్లీ ఆగింది. రెండో దొంగ పాయింట్లు. గీకి సరిచేశాడు. మళ్లీ ఆగింది. మూడో దొంగ కాయిల్. "వేడెక్కితే చచ్చిపోతుంది, చల్లారితే బతుకుతుంది. అందుకే మీకు కాసేపాగితే స్టార్టవుతోంది" అన్నాడు. ఈ వాదన ఎంత బాగుందంటే నేను చప్పట్లు కొట్టబోయాను. కొత్త కాయిల్ వేసిన సాయంత్రమే కాలవ వంతెన మీద ఆగింది.

అక్కా, నువ్వడిగిన దానికి జవాబు. గడియారాల కొట్టు ముందు దిగలేదు. వంతెన మీద దిగింది. పిట్టగోడ మీద కూర్చుని చాలాసేపు నీళ్లకేసి చూసింది. తర్వాత "ఆ ఎర్ర మేడేనా మనం కొత్తలో అద్దెకున్నది?" అంది. అవునన్నాను. ఆ ఇంటి పంపు గురించి ఏదో చెప్పి తనలో తనే నవ్వుకుంది. నేను బానెట్‌లో తల దూర్చి ఉన్నాను కాబట్టి సరిగా వినలేదు. అయినా బండి జబ్బు గురించి రాస్తుంటే నీకీ కబుర్లెందుకే?

బావా, ఇంకో వింత. ట్యాంకు నిండా ఉంటే తొందరగా ఆగుతోంది. సగం ఉంటే చాలా దూరం పోతోంది. కడుపు నిండితే మనిషికి కునుకొస్తుంది గానీ బండికీ వస్తుందా? మీ సగం ట్యాంకు సూత్రం మెకానిక్‌కి చెప్పాను. "ఆయనకి ముందే ఏదో తెలుసు సార్, తెలిసే మీకు అంటగట్టారు" అన్నాడు. నేననలేదు. మీ చెల్లెమ్మా అనలేదు. వాడన్నాడు.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. పరదాల గుడ్డ ఇంకా కొనలేదు. కిటికీకి పాత దుప్పటి కట్టాం. ఎదురింటావిడ చూసి మేం ఇల్లు ఖాళీ చేస్తున్నామనుకుని ఓనర్ని అద్దె ఎంతని అడిగిందట.



చిరంజీవి బావమరిదికి,

అంటగట్టానా?

ఆ బండిని నలుగురు అడిగారు. కాంపౌండరు అడిగాడు, మా హెడ్మాస్టరు అల్లుడు అడిగాడు, ఒకాయనైతే సినిమావాళ్లకి అద్దెకిచ్చుకుంటానని ఇంటి చుట్టూ తిరిగాడు. ఎవరికీ ఇవ్వలేదు. నా మోకాళ్లు పెడల్ తొక్కనంటున్నాయని తెలిసిన రోజున, వెనక సీట్లో కాళ్లు ఊపుకుంటూ కూర్చున్నవాడే ముందు సీట్లోకి రావాలనుకుని నీకిచ్చాను. దానికి ఈ మాట పడ్డాను. సంతోషం.

మీ మెకానిక్ దొంగని పట్టుకోవడం లేదు. ఇంట్లో ఉన్న ఒక్కొక్క అమాయకుణ్నీ మెడపట్టి బయటికి తోస్తున్నాడు. కార్బురేటర్ విప్పి కడిగించు. అందులో నలకేదైనా ఉండొచ్చు. లేదా పెట్రోలు పంపు చూడమను. నా సూత్రం జోలికి మాత్రం రావద్దని చెప్పు.

ఇట్లు,
బావ

తా.క. అక్కని. మీ బావకి కోపం వచ్చింది. కోపం వస్తే ఈమధ్య ఏం చేస్తున్నారో తెలుసా? ఖాళీ షెడ్డు తుడుస్తున్నారు. పొద్దున తుడిచిందే మళ్లీ సాయంత్రం తుడుస్తున్నారు. నాకు చూడబుద్ధి కావడం లేదురా. నువ్వు మళ్లీ అలాంటి మాటలు రాయకు. ఇకపోతే, ఈసారి బండి ఆగితే బానెట్ ఎత్తకు. ఎత్తినా నీకేం తెలిసి ఛస్తుంది? వెళ్లి మరదలి పక్కన కూర్చో. ఆ పంపు సంగతేమిటో అడిగి నాకు రాయి. మీ ఇంట్లో ఫ్లాస్కు ఉందా?



బావగారికి నమస్కారాలు.

ముందుగా క్షమాపణ. అంటగట్టారన్న మాట నోటితో అనకపోయినా కాగితం మీద పెట్టింది నేనే. తప్పే.

అయితే బావా, నా అవస్థ కూడా వినండి. కార్బురేటర్ విప్పి కడిగించాను. పెట్రోలు పంపు మార్పించాను. ఇంజన్‌లో పాతది మిగిలింది మీ జ్ఞాపకాలొక్కటే. అయినా ఆగుతోంది.

మొన్న మా ఆఫీసరు రైలు అందుకోవాలి, ఆయన కారు రాలేదు. నోరు ఊరుకోక "నా బండి ఉంది సార్" అన్నాను. గౌరవంగా ఉంటుందని ట్యాంకు నిండా పోయించాను. స్టేషన్ గడియారం కనిపిస్తోంది, అంత దగ్గర్లో ఎక్కిళ్లు మొదలయ్యాయి. ఆగింది. ఆఫీసరు కోటు విప్పి నా పక్క సీటు మీద పెట్టి వెనక నుంచి తోశాడు. ఆయన తోస్తుండగానే రైలు మా పక్కనుంచే వెళ్లిపోయింది. "రిజర్వేషన్ అందులోనే" అని మాత్రం అన్నాడు, చాలా మర్యాదగా. పెట్రోలు ఉందో లేదోనని అనుమానమొచ్చి ట్యాంకు మూత తిప్పాను. లోపల్నుంచి ఉస్సురుమంటూ పెద్ద నిట్టూర్పు. నా బతుకు చూసి బండికే జాలేసినట్టుంది. మూత పెట్టి తాళం తిప్పితే స్టార్టయింది. రైలు వెళ్లిపోయాక!

ఇక నావల్ల కాదు. పాత ఇనుము కొనే ఆయనతో మాట్లాడాను. వచ్చే శనివారం వస్తానన్నాడు. మీకు కష్టంగా ఉంటుందని తెలుసు. నాకూ ఉంది.

అక్కా, మా ఇంట్లో ఫ్లాస్కు ఉంది. నువ్వు రాసినట్టే చేశాను. వంతెన మీద మళ్లీ ఆగితే బానెట్ ముట్టుకోకుండా వెళ్లి కూర్చున్నాను. ఆ ఎర్ర మేడలో పంపు తిప్పితే నీళ్లకంటే ముందు గురక వచ్చేది. కింద ఓనరు అది నా గురకే అనుకుని, పట్టపగలు గురకపెట్టే అల్లుణ్ని తెచ్చుకున్నారని మా అత్తగారికి కబురు పెట్టాడు. అదీ కథ. ఇద్దరం ఎంత నవ్వామంటే చేపలు పట్టుకునేవాళ్లు తిరిగి చూశారు. ఆ తర్వాత నుంచి తనే ఫ్లాస్కులో టీ పోసుకుని "ఇవాళ ఎక్కడ ఆగుతుందో" అంటూ బండెక్కేది.

మరి అలాంటి మనిషి, బండి అమ్మేస్తున్నానంటే ఎగిరి గంతెయ్యాలా వద్దా? "నీ ఇష్టం" అంది. లోపలికి వెళ్లి ఫ్లాస్కు కడిగి అలమరలో పైన పెట్టేసింది. ఇవాళ పొద్దున ఫ్రిజ్ మీద మళ్లీ చీటీ అంటించి ఉంది: "కూర లోపల ఉంది. నాకు ఆలస్యమవుతుంది." చీటీలు మానేసి నెల దాటిందనుకుంటాను. నాకేమీ అర్థం కావడం లేదు.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. ఆఫీసరు నాకు కొత్త పని అప్పగించాడు. ఇకమీదట ఆయన రైలు టిక్కెట్లు నేనే కొనాలి. ఒక రోజు ముందు రైలుకి.



చిరంజీవి అని రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాశాను.

పాత ఇనుము వాడికా?

ఆ తలుపు మీద గీత చూశావా? నువ్వు చిన్నప్పుడు మేకుతో నీ పేరు గీకబోయి మొదటి అక్షరం దగ్గర నాకు దొరికిపోయావు. రంగు వేయించమని అందరూ అన్నారు. నేను వేయించలేదు. ఆ గీతని కూడా తూకం వేసి ఇస్తావా?

నా బండి నాకు పంపించెయ్యి. తోసుకొచ్చినా సరే.

బావ

తా.క. అక్కని. శనివారం లోపు నా దగ్గర్నుంచి విడిగా ఇంకో కవరు వస్తుంది. అది చదివేదాకా ఇనుమాయనకి తాళం ఇచ్చావో, నీకూ నాకూ మాటల్లేవు.



ప్రియమైన తమ్ముడికి అక్క దీవెనలు.

ఇది నువ్వొక్కడివే చదువు. మీ బావ ఎండలో కూర్చుని మోకాళ్లకి నూనె రాసుకుంటున్నారు. నేను వంటింట్లో డబ్బా మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను.

మీ బావ సంగతి నీకు తెలుసు. మంచి మనిషే గానీ మాట పెగలదు. బయల్దేరామా, చేరామా, అంతే. మధ్యలో ప్రపంచం ఉందన్న సంగతి ఆయనకి తెలియదు. బండి కొన్న కొత్తలో పక్కన కూర్చుని నేను కబుర్లు చెబితే "ఊఁ" అనేవారు. గేరు మార్చినప్పుడొక ఊఁ, బ్రేకు వేసినప్పుడొక ఊఁ. ఈయనతో ఎలా వేగాలిరా దేవుడా అనుకునేదాన్ని.

ఒకరోజు రైలు గేటు దగ్గర ఎక్కిళ్లు పెట్టి ఆగింది. ఆగిపోయిందని ఒప్పుకుంటే ఆయన లెక్కల మాస్టారెలా అవుతారు? దర్జాగా బ్రేకు లాగి, "దిగు, గూడ్సు వస్తుంది" అన్నారు. దిగాను. మిట్టమధ్యాహ్నం ఎండ. ఒక రాయి మీద నేను, ఒక రాయి మీద ఆయన. గూడ్సూ లేదు, గుర్రబ్బండీ లేదు. ఊరికే కూర్చోలేక మాట్లాడటం మొదలుపెట్టారు. మొదటిరోజు క్లాసులో సుద్దముక్క చేతిలో వణికిపోయిందని చెప్పారు. నేను వంట చేస్తూ కూనిరాగం తీస్తుంటే పక్కగదిలో పేపరు తలకిందులుగా పట్టుకుని వింటానని చెప్పారు. పొద్దు వాలేదాకా గూడ్సు రాలేదు. ఆయన మాటలూ ఆగలేదు. ఒరేయ్, పెళ్లయిన రెండేళ్లకి ఆ రోజు నేను మీ బావ గొంతు కడుపునిండా విన్నాను.

తర్వాత మెకానిక్ చూసి జబ్బు కనిపెట్టాడు. పెట్రోలు ట్యాంకు మూతలో సన్నటి కన్నం ఒకటి ఉంటుంది. పెట్రోలు బయటికి పోయేకొద్దీ ఆ కన్నంలోంచి గాలి లోపలికి రావాలి. అది మూసుకుపోతే లోపల బిగుసుకుపోయి పెట్రోలు ఇంజన్‌కి రాదు. బుడ్డీ మూతికి నోరు ఆనించి గాలి పోనివ్వకుండా పీల్చి చూడు, తెలుస్తుంది. కాసేపాగినా, మూత తీసినా గాలి దూరి మళ్లీ బాగవుతుంది. నువ్వు విన్న నిట్టూర్పు అదే. కన్నంలో మట్టి పట్టింది, అతను పిన్నుతో తీసేశాడు.

బండి బాగైపోయింది. మీ బావ మళ్లీ ఊఁ అయిపోయారు.

కొన్నాళ్లు చూశాను. ఓసారి ట్యాంకు కింద చిన్న చిల్లు పడితే అదే మెకానిక్ సబ్బు ముక్క రాసి ఆపాడు. "పెట్రోలుకి సబ్బు కరగదమ్మా" అన్నాడు. ఆ మాట నా చెవిలో పడింది. ఆ సాయంత్రమే నా ఆకుపచ్చ స్నానం సబ్బు గోటితో గోకి మూత కన్నంలో కూరాను. మర్నాడు రైలు గేటు దగ్గర, "దిగు, గూడ్సు వస్తుంది!"

అప్పట్నుంచి బండి పగ్గాలు నావే. ఆసుపత్రికైనా, ఆయన పరీక్షల డ్యూటీకైనా వెళ్లేటప్పుడు జడపిన్నుతో సబ్బు తీసేసేదాన్ని. ఆదివారం మళ్లీ కూరేదాన్ని. ఒక్క విషయంలోనే పోట్లాట. ఊరి చివరిదాకా వెళ్లడానికి కూడా ఆదివారం ట్యాంకు నిండా పోయించేవారు. ఇంత దుబారా ఏమిటండీ అంటే, "సూత్రం" అనేవారు. ఆ పిచ్చి ఆయనది.

ఇక నీ సంగతి. కిందటిసారి మీ ఇంటికొచ్చినప్పుడు ఫ్రిజ్ తలుపు చూశాను. పాలు ఉన్నాయి, బిల్లు కట్టు, నేను ముందు పడుకుంటాను. ఒక కప్పు కింద ఇద్దరు మనుషులుండి పోస్టాఫీసు నడుపుతున్నారు! మీకు బండి ఇచ్చే రోజు మీ బావ కాగితాలు చూస్తుండగా నేను మూత దగ్గర నా పని చేసుకున్నాను. నీ ఆఫీసరు రైలు తప్పిపోయినందుకు మాత్రం బాధగా ఉంది. ఆయన పెళ్లాంతో మాట్లాడుకున్నాడో లేదో అడుగు.

మరదలి జడపిన్ను ఒకటి తీసుకుని ఆ సబ్బు తీసెయ్యి. బండి ఉంచుకో. మీ బావకి మాత్రం ఒక్క ముక్క తెలియనివ్వకు. తన చేతిలో బండి ఒక్కసారీ ఆగలేదన్న మాట మీదే ఆయన నిలబడి ఉన్నారు. మోకాళ్లు కూడా అంతగా ఆసరా ఇవ్వడం లేదు.

ఇట్లు,
అక్క

తా.క. ఎప్పుడైనా మళ్లీ అవసరమైతే స్నానం సబ్బే వాడు. బట్టల సబ్బు ఎండి రాలిపోతుంది. అనుభవం మీద చెప్తున్నాను.



బావగారికి నమస్కారాలు.

ఇక్కడ మేం క్షేమం, బండి కూడా క్షేమం. ఈ వాక్యం రాయడానికి ఎన్నాళ్లు పట్టింది!

దొంగ దొరికాడు. ట్యాంకు మూతలో గాలి పోయే సన్న కన్నం ఉంటుందట, అందులో దుమ్ము పట్టింది. ఉత్త దుమ్ము. పిన్నుతో తీసేశాను. శనివారం ఇనుమాయన తక్కెడతో సహా వచ్చాడు. టీ ఇచ్చి, బండిలో ఎక్కించుకుని బజారంతా తిప్పి వాళ్ల కొట్టు దగ్గర దింపాను. "ఇంత మంచి బండి నాకెందుకు సార్" అని ఆయనే అన్నాడు.

ఆ సాయంత్రం మీ చెల్లెమ్మతో కాలవ వైపు వెళ్లాను. వంతెన వచ్చింది. బండి ఒక్క ఎక్కిలి కూడా పెట్టకుండా సాఫీగా పోతోంది. ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషి తల వెనక్కి తిప్పి పిట్టగోడని చూసింది. "ఆగలేదే" అంది. ఆ మాట ఎంత దిగులుగా అందో బావా. వెంటనే పక్కకి తీసి బ్రేకు లాగాను. "దిగు" అన్నాను.

బండి ఆగలేదు, నేనే ఆపాను. మీరు చెప్పిన తేడా ఇప్పటికి తెలిసింది. మీ చేతిలో ఆ బండి ఒక్కసారి కూడా ఆగలేదని ఎక్కడైనా సాక్ష్యం చెప్తాను.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. అక్కకి: నువ్వు చెప్పిన కషాయం బాగా పనిచేసింది. కానీ నీ ఉత్తరం నేను పుస్తకంలో దాచిన చోట లేదు, ఇంకో పుస్తకంలో ఉంది. ఇవాళ స్నానానికి వెళ్తే సబ్బు ఒక మూల గోకి ఉంది. నేను గోకలేదు.



చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు.

దుమ్మా?

ఏ రంగు దుమ్ము? ఆకుపచ్చగా, కాస్త పూల వాసనేస్తూ, నీళ్లు తగిలితే నురగొచ్చే దుమ్మా?

ఒరేయ్, నేను లెక్కల మాస్టారిని. అన్నేళ్లు ఆ మూత నా చేత్తో తీసి పెట్రోలు పోయించాను. అందులో ఏముందో నాకు తెలియదనుకున్నారా అక్కా తమ్ముడూ?

సూత్రం ఇప్పుడు చెప్తాను, రాసుకో. కన్నం మూసి ఉన్నప్పుడు ట్యాంకు నిండా ఉంటే పైన గాలికి చోటు తక్కువ. కాస్త పెట్రోలు ఖర్చు కాగానే బిగుసుకుంటుంది, తొందరగా ఆగుతుంది. సగమే ఉంటే పైన గాలి ఎక్కువ, చాలా దూరం పోతుంది. మీ అక్క ఎప్పుడైనా పిన్ను వాడటం మర్చిపోయినా పని చెడకూడదని పనికి సగం పెట్టుకున్నాను. మా ఇంటి నుంచి నిండు ట్యాంకుతో బయల్దేరితే రైలు గేటు దాకా వస్తుంది. రెండు ఆదివారాలు కొలిచి చూసుకున్నాను. అందుకే చెప్పాను, నా చేతిలో అది ఆగలేదు, నేను ఆపాను. సూత్రం కుదరకముందువి తీసేస్తే, అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

ఊరికే బండి ఆపి "దిగు, నీతో మాట్లాడాలని ఉంది" అనడం నాకు చేతకాలేదురా. మాట ఎన్నోసార్లు నోటిదాకా వచ్చేది, గేరు మార్చేవాణ్ని. ఆవిడ సబ్బు పెట్టింది, నేను పెట్రోలు పోయించాను. అలా జరిగిపోయింది కాపురం. మంచి కాపురం.

నువ్వు మొదటి ఉత్తరం రాసినప్పుడే నాకు తెలుసు. చెబితే మీ అక్క గుట్టు బయటపడుతుందని చోక్ అన్నాను, క్లచ్ అన్నాను, కార్బురేటర్ అన్నాను. పాపం ఆ మెకానిక్‌ని తిట్టాను కూడా. నా మాటగా అతనికి క్షమాపణ చెప్పు. ఇనుమాయన మాట విన్నప్పుడు వచ్చిన కోపం మాత్రం నిజమైనదే.

నువ్వు చాలా పైకొచ్చావు. సబ్బు లేకుండా, సూత్రం లేకుండా నీ అంతట నువ్వే ఆపి దిగమన్నావు. నాకు ఇన్నేళ్లలో రాని విద్య అది. నూటికి నూరు వేశాను.

గూడ్సు చూసి చాలా రోజులైంది. వచ్చే ఆదివారం బండి తీసుకుని ఇద్దరూ రండి. మీ అక్కని ముందు కూర్చోబెట్టు, నేనూ చెల్లెమ్మా వెనక కూర్చుంటాం. మా ఇల్లు దాటాక బంకులో ఆపి ట్యాంకు నిండా పోయించు.

ఇదంతా మీ అక్కకి తెలియనివ్వకు. బండి తనే నడిపానన్న ధీమా మీద ఉంది మనిషి.

ఇట్లు,
మీ బావ

తా.క. ఈ కవరు నేనే అంటించాను. మీ అక్క గుమ్మంలో నిలబడి వింతగా చూస్తోంది. నువ్వొస్తున్నావని చెప్పి, స్నానాలగదిలో కొత్త సబ్బు పెట్టి వచ్చాను. ఆకుపచ్చదే.